అయిదు గీతల తెలుపు

తలుపుకు అద్దమైతే బిగించారు గానీ దానికి లోపలినుంచి తెల్లరంగు పూసేశారు. ఎవరో గోటితో గీకిన చోట మాత్రం అంగుళమంత సందు మిగిలింది. అందులోంచి చూస్తే నా కూతురి జడ చివర కనిపిస్తోంది, కదలడం లేదు. కదలకపోతే తిట్లు తింటోందని, కదిలితే ఏడుస్తోందని అనుకునే రకం నేను, కాబట్టి ఆ జడకు ఎలా ఉన్నా నాతో సుఖం లేదు. గోడ గడియారం పదకొండుంపావు చూపిస్తోంది. పన్నెండున్నరకు కాగితాల తనిఖీ ముగుస్తుంది, ఇవాళే ఆఖరి రోజు అని తలుపు పక్కన అంటించారు. ఆ కాగితం ఇప్పటికి ఆరుసార్లు చదివాను, చదివిన ప్రతిసారీ ఆఖరి అన్న మాట ఇంకాస్త లావెక్కుతోంది. పావుగంట కిందట ఇదే గుమ్మం దగ్గర, చేతిలో పలకలాంటి యంత్రం పట్టుకున్న కాపలా మనిషి, తెర మీది ఫోటో చూసి, నా కూతుర్ని చూసి, మళ్ళీ ఫోటో చూసి, "ఈ అమ్మాయివి నువ్వు కాదే," అన్నాడు.

"నేనే," అంది నా కూతురు.

"యంత్రం కూడా కాదంటోంది."

"యంత్రానికి నన్ను చూడటం రాదేమో."

"పేరు చూస్తే ఒక రకం. ఫోటో ఆ పేరుకి తగ్గట్టే ఉంది. నువ్వేమో…"

"ఊఁ. నేనేమో?"

ఆయన దరఖాస్తులో ఇంకో గడి మీద వేలు పెట్టాడు. గుర్తింపు చిహ్నం, కుడి కనుబొమ్మ మీద గాటు. గాటు నా కూతురికి ఉంది. ఫోటోలో అమ్మాయికి లేదు. "పరీక్ష ఎవరిచేత రాయించావు?" అన్నాడు, అప్పుడు మాత్రం గొంతు తగ్గించలేదు, వరండాలో కూర్చున్న తల్లులూ తండ్రులూ అందరూ ఒక్కసారి తలలు తిప్పారు. దాన్ని లోపలికి తీసుకెళ్ళారు. "పెద్దవాళ్ళు బయటే," అని నా ముఖం మీద తలుపు వేశారు. వేరే మనిషి చేత పరీక్ష రాయించిందని తేల్చితే ఉద్యోగం పోవడమే కాదు, అయిదేళ్ళు మళ్ళీ ఏ పరీక్షా రాయనివ్వరట, పేరు జాబితాలో ఎక్కిస్తారట. రైలు నడిపే ఉద్యోగం. పన్నెండు వేలమంది రాస్తే నలభైమందిని తీసుకున్నారు, ఆ నలభైలో నా కూతురు తొమ్మిదోది.

ఆ గాటు తీసేసింది నేను. ఆ ముఖం తెల్లబరిచింది నేను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కాపలా మనిషి నోరు తెరవకముందే నా చెయ్యి సంచిలో ఫోను కోసం వెతుకుతోంది. లోపల బల్లముందు కూర్చుని నేనే, నేనే అని వాదిస్తున్న పిల్లకు ఈ సంగతి తెలియదు. దరఖాస్తు కంప్యూటర్లో పంపేటప్పుడు ఫోటో పని నాది అన్నాను, అది నమ్మింది. కూతుళ్ళు తల్లుల్ని ఎన్ని విషయాల్లో నమ్మకపోయినా, తల్లి చేసే పని విషయంలో నమ్ముతారు.

నా పని ఫోటోలు దిద్దడం. ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, పద్నాలుగేళ్ళ కిందట స్టూడియోలో కత్తెరతో ఫోటోల అంచులు కత్తిరించడానికి చేరాను, కత్తెర పోయి కంప్యూటరొచ్చినా నేను పోలేదు. స్టూడియో యజమానిని అందరూ ఫ్లాష్ అన్నయ్య అంటారు, వచ్చినవాళ్ళకన్నా ముందు ఆయనే కళ్ళు మూసుకుంటాడని. తెర మీద ఒక సన్నని పట్టీ ఉంటుంది, దానికి గీతలు. బొత్తాన్ని కుడివైపు జరిపితే ఒక్కో గీతకు ముఖం ఒక్కో మెట్టు తేటపడుతుంది. వచ్చిన ప్రతివాళ్ళూ అదే అడుగుతారు, పెళ్ళిచూపులకో, పాస్‌పోర్టుకో, పోయినవాళ్ళ పటానికో, "కొంచెం తెల్లగా వచ్చేట్టు చూడండమ్మా." పోయినవాళ్ళకు కూడా. పైన ఎవరు చూడాలని? ఫ్లాష్ అన్నయ్య నాకు నేర్పిన మొదటి పాఠం, "రెండు గీతలు దాటకు చెల్లెమ్మా. దాటితే అది ముఖం కాదు, ముఖానికి కొట్టిన సున్నం." పద్నాలుగేళ్ళలో ఎవరికీ రెండు దాటలేదు. ఒక్కరికే దాటాను.

ఆయనకు ఇందాకే ఫోను చేశాను. "మా అమ్మాయి ఫోటో కావాలన్నయ్యా. దరఖాస్తుకు తీసింది. నేను దిద్దకముందుది." "చెరిపేసుంటావుగా?" "నేను చెరిపేశాను. మీరు?" "నేను దేన్నీ చెరపను, అందుకేగా నా కంప్యూటరు ముసలెద్దులా నడుస్తోంది. ఉండు, ముందు అది లేవాలి." అది ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు, దాని ముందే కదా నా జీవితం గడిచింది. టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చాక లేస్తుంది. లేచాక వెతకాలి. అసలు ఫోటో చేతికొస్తే తలుపు తట్టి చూపించొచ్చు. చూపిస్తే ఏమవుతుంది? ఫోటో మార్చడం కూడా నేరమే అంటారేమో. తల్లే ఒప్పుకుంది కాబట్టి రద్దు అంటారేమో. నోరు మూసుకుని కూర్చుంటే దానంతటది తేల్చుకుని బయటికొస్తుందేమో, గట్టిపిల్ల. చెప్తే దాని కళ్ళలోకి చూడాలి. అధికారుల కళ్ళంటే భయమే, కానీ ఆ భయం నాకు అలవాటే.

ఆయనకు, అంటే దీని నాన్నకు, చెప్దామన్నా ఫోను అందదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. పైకెక్కితే ఫోను అందదు, కిందికి దిగితే నిద్ర. మా పెళ్ళి కూడా లిఫ్టు పుణ్యమే. నేను స్టూడియోలో చేరడానికి చాలా ఏళ్ళ ముందు, అదే భవనానికి ఏదో పని మీద వెళ్తే లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, దీపం పోయింది, లోపల నేనొక్కదాన్ని. తాడు తెగుతుంది, పడిపోతాను, నన్ను గుర్తుపట్టడానికి కూడా ఏమీ మిగలదు అని అరుస్తుంటే పైనుంచి ఒక గొంతు, "తాడు ఒకటి కాదండీ, ఆరున్నాయి. ఒకటొకటిగా భయపడండి, తొందరేం లేదు," అంది. నలభై నిమిషాలు మాట్లాడాడు. చీకట్లో గొంతు మాత్రమే విన్నాను. రంగూ మతమూ తలుపు తెరుచుకున్నాకే తెలిశాయి, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయన మతం వేరు, మా మతం వేరు. ఆయన వాళ్ళంతా నల్లగా నిగనిగలాడే మనుషులు, మావాళ్ళు పాలిపోయి, మా అక్క భాషలో చెప్పాలంటే పచ్చగా, ఉండే మనుషులు. మా అక్క ఇప్పటికీ అంటుంది, "లిఫ్టులో ఇరుక్కున్నావు, ఇంకా బయటికి రాలేదు నువ్వు."

పిల్ల పుట్టినప్పుడు అక్క ఆసుపత్రికి వచ్చి దుప్పటి తొలగించి చాలాసేపు చూసింది. "ముక్కు మనదే," అంది. కాసేపాగి, "రంగే… పోనీలే, కాకి పిల్ల కాకికి ముద్దు," అంది. అటువైపు మా అత్తగారు, "మా రంగు పట్టుకొచ్చింది, మా దేవుడి పిల్ల, పేరు మేమే పెడతాం," అని కూర్చున్నారు. నేను పచ్చి బాలింతను, అయినా ఆ ఒక్క విషయంలో మంచం మీదనుంచే పోట్లాడాను. "రంగు మీదొచ్చింది కదా అత్తయ్యా, పేరన్నా మా వైపుది ఉండనివ్వండి." ఆయన గోడకానుకుని, "పంపకాలు బాగున్నాయి. నాకేమన్నా మిగిలిందా?" అన్నారు. నా వైపు పేరే పెట్టాం. నేను పోట్లాడింది మతం మీద భక్తితో కాదు. పేరు వినగానే సగం తలుపులు తెరుచుకుంటాయి, ముఖం తర్వాత చూస్తారు, అప్పటికి ఒక కాలు లోపలుంటుంది కదా అని. ఇవాళ చూడండి, పేరు ఒక తలుపు తెరిచింది, ముఖం చూసి అదే తలుపు వేసేశారు, నా పిల్ల కాలు మధ్యలో నలిగింది.

మా ఇంట్లో ఒక గోడకు ఆయన దేవుడు, ఎదురు గోడకు నా దేవుడు. మధ్యలో ఫ్యాను. ఇద్దరికీ సమంగా గాలి. ఇంటికొచ్చినవాళ్ళు ఏ గోడవైపు వీపు పెట్టి కూర్చుంటారో చూసి వాళ్ళెవరో చెప్పేయొచ్చు. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్ళినప్పుడల్లా ఆ వీధి ఎవరిదో ముందు కనుక్కునేదాన్ని, వీధిని బట్టి నేను ముందు నడిచేదాన్ని, లేదా ఆయన్ని ముందు నడవమనేదాన్ని. పిల్లకు కూడా నేర్పాను, ఈ మలుపు దాటేదాకా ఇలా పలకరించు, దాటాక అలా పలకరించు అని. తొమ్మిదేళ్ళప్పుడు బళ్ళో టీచరు రిజిస్టరులో మతం గడి నింపడానికి, "మీదేమిటమ్మా?" అని అడిగితే, "పొద్దున అమ్మది, సాయంత్రం నాన్నది, లెక్కల పరీక్ష రోజు రెండూ," అన్నదట. టీచరు నవ్వి ఊరుకుంది. నేను మూడు రాత్రులు నిద్రపోలేదు. రిజిస్టరులో ఏం రాశారో, ఆ కాగితం ఎక్కడికి పోతుందో, ఎవరి చేతుల్లో పడుతుందోనని. ఆ కాగితం ఎక్కడికీ పోలేదు. నేను భయపడినవాటిలో ఎక్కువభాగం ఎక్కడికీ పోలేదు, అని ఆయన అంటారు. అదేమిటి మరి, భయపడ్డాను కాబట్టే పోలేదు, అంటాను నేను.

జడ కదిలింది. ఇప్పుడు సందులో జడ లేదు, కుర్చీ వీపు మాత్రమే ఉంది. లేచి నిలబడిందా? నిలబెట్టారా? చెవి తలుపుకు ఆనించాను. "రాయమ్మా, ఇదే పేరా, నీ చేత్తో," అని ఎవరో ఆడగొంతు. చేతిరాత పోల్చి చూస్తున్నారన్నమాట. పోలుతుంది. పోలకుండా ఎలా ఉంటుంది, ఆ పొడుగు అక్షరాలు దానివి, చిన్నప్పటినుంచీ గీత దాటి బయటికే వస్తాయి. కానీ చేతిరాత పోలి, ముఖం పోలకపోతే? అప్పుడు పరీక్ష రాసింది ఇదే గానీ, ఇది ఇది కాదు అంటారా? వచ్చి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాను. ఒళ్ళో సంచి. అందులో ఏముందో అడగండి. మూడు జతల నకళ్ళు, తలనొప్పి మాత్రలు, ఆఫీసుల్లో ఏసీకి జలుబు చేస్తుందని బూడిదరంగు శాలువా, పౌడరు డబ్బా, గొడుగు.

గొడుగు. అది నడక నేర్చిన రోజునుంచి నా చేతిలో గొడుగుంది. నా కోసం కాదు. ఎండలో నాకు తల పగిలిపోతుంది, అయినా సగం గొడుగైనా నా మీదికి వచ్చేది కాదు, అంతా దాని మీదే. ఎండలో ఆడకు, నల్లబడతావు. మధ్యాహ్నం సైకిలు తొక్కకు, నల్లబడతావు. ఒకసారి అడిగింది, "అమ్మా, ఇంకా ఎంత నల్లబడటానికి ఉంది?" నిజంగా తెలుసుకోవాలని అడిగింది, అయిదేళ్ళది. ఏడేళ్ళప్పుడు కింద ఆవరణలో పిల్లలతో పరుగు పందెం. మిట్టమధ్యాహ్నం. ముందుంది. అందరికన్నా ముందుంది, నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది, రెండు జడలూ గాల్లో, నోరు తెరుచుకుని నవ్వుతూ. నేను పైనుంచి గట్టిగా కేకేశాను, ఎండలో ఏమిటా పరుగు, లోపలికి రా అని. నా గొంతుకు తల తిప్పింది. ఇనుప గేటు. కుడి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. ఎవరన్నా అడిగితే అది, "రేసులో తగిలింది," అని గర్వంగా చెప్పుకుంటుంది. మా అమ్మ అరిచింది అని ఒక్కరికీ చెప్పలేదు. ఆ గాటు చూస్తే దానికి పందెం గుర్తొస్తుంది, నాకు నా కేక గుర్తొస్తుంది.

ఇప్పుడు ఫోటో సంగతి. ఒక మధ్యాహ్నం, స్టూడియోలో గిరాకీ లేని వేళ, తెల్లటి పరదా ముందు నిలబెట్టి ఫ్లాష్ అన్నయ్యే తీశారు. తెల్ల పరదా ముందు నల్లటి ముఖం పెడితే కెమెరా కంగారుపడుతుంది, ఆ తెలుపంతా చూసి వెలుతురు ఎక్కువైందనుకుని తనంతట తాను తగ్గించేస్తుంది, ముఖం ఇంకా చీకటైపోతుంది. ఇది కెమెరా తప్పు. అది సరిచెయ్యడానికి ఒక గీత జరిపాను, న్యాయమైన గీత. కళ్ళు కనిపించాయి. రెండో గీత జరిపాను, అన్నయ్య అనుమతించిన గీత. బుగ్గ మీద వెలుతురు వచ్చింది, నా బిడ్డ అచ్చంగా నా బిడ్డలా ఉంది. అక్కడ ఆగాలి. ఈ ఫోటో చూసేవాడెవడో, బల్ల ముందు కూర్చుని వరసగా వేల ముఖాలు తిప్పేవాడు, దీని దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగుతాడేమో, పక్కకు పెడతాడేమో అనిపించింది. మూడు. పక్కనున్న పేరు చూసి, ముఖం చూసి, ఇదేదో తేడాగా ఉందే అనుకుంటాడేమో. నాలుగు. అయిదో గీత దగ్గర తెర మీద మా అక్క కూతురిలాంటి అమ్మాయి కూర్చుంది. చక్కగా ఉంది. ఆ పిల్ల నాకు ఏమీ కాదు. కనుబొమ్మ మీద గాటు ఒక్కటే మిగిలింది నా వైపు చూస్తూ, దాని మీద కూడా కుంచె తిప్పేశాను. ఎంతసేపూ పట్టలేదు, రెండు క్షణాలు. కుట్లు వేయడానికి డాక్టరుకు ఇరవై నిమిషాలు పట్టింది.

అది ఆ ఫోటో చూడనేలేదు. "పంపేశావా అమ్మా?" అంది, పంపేశాను అన్నాను. ఉద్యోగం వచ్చినరోజు నేను, దేవుళ్ళారా, రైలేమిటే, ఆడపిల్ల, నిన్ను చూసి జనం ఎక్కుతారా, అని నోరు జారాను. అది పగలబడి నవ్వింది. "అమ్మా, రైలుకి ఎదురుగా ఉన్నవాళ్ళకి నా రంగు కనపడదు, హెడ్‌లైటు కనపడుతుంది. వెనకాల కూర్చున్నవాళ్ళకి నా వీపు కూడా కనపడదు. ఇంతకన్నా నీకు నచ్చే ఉద్యోగం లోకంలో ఉందా?" ఆ ధైర్యం ఎవరి వైపునుంచి వచ్చిందో మా అక్కా, అత్తగారూ ఇంకా తేల్చుకోలేదు.

పన్నెండు కావడానికి పది నిమిషాలుంది. ఫోను చూశాను, ఏమీ లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ ఇందాకటినుంచీ నన్ను చూస్తోంది. కొడుకు కాగితాలు చూపించి వచ్చేశాడు, కిందికి వెళ్ళి బండి తెస్తున్నాడు, ఆవిడ తీరిగ్గా ఉంది. నా సంచి మీద రాసున్న పేరు చదివింది, నా చేతుల రంగు చూసింది, మావాళ్ళే అని ఖాయం చేసుకుంది. ఇలా చదివేవాళ్ళను నేను మైలు దూరంనుంచి గుర్తుపడతాను, నేనూ అదే బాపతు కాబట్టి.

"ఇందాక లోపలికి తీసుకెళ్ళారే, ఆ పిల్ల, మీ ఇంట్లో పనిచేస్తుందా?" అంది. చెడ్డగా కాదు, జాలిగా. "మంచి మనసమ్మా మీది. పనిపిల్ల కోసం ఎవరు వస్తారు ఈ రోజుల్లో ఇంతదూరం?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. బస్సులో ఒకావిడ అడిగింది చాలా ఏళ్ళ కిందట, పాపను ఎక్కడినుంచి తెచ్చుకున్నారు, ఎంత బాగా చూసుకుంటున్నారో అని. బస్సు నిండా జనం. రెండు స్టాపుల దూరం. ఎవరితో ఏం వాదిస్తాం, ఎవరెలాంటివాళ్ళో, వాదిస్తే ఇంకేమడుగుతారో, ఎవరిని చేసుకున్నావంటారో, అని నేను నవ్వాను. అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. నవ్వాను అంతే. ఒళ్ళో ఆరేళ్ళ పిల్ల తలెత్తి నా నవ్వును చూసింది. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు. అన్నం తింది, హోంవర్కు చేసింది, పడుకుంది. అడుగుతుందేమోనని నేను పన్నెండేళ్ళు ఎదురుచూశాను, అది అడగకుండానే పెద్దదైపోయింది. నా జీవితంలో నేను దిద్దిన మొదటి ఫోటో అదే. స్టూడియోలో చేరకముందే దిద్దాను.

"నా కూతురండీ," అన్నాను పెద్దావిడతో.

ఆవిడ అర్థం కానట్టు చూసింది. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది, అయినా ఇంకా పెంచాను, కాపలా మనిషి కూడా వినాలి, అందరూ ఇందాక తలలు తిప్పారుగా, ఇప్పుడు కూడా తిప్పాలి. "నా కడుపున పుట్టింది. తొమ్మిదో ర్యాంకు. రంగు వాళ్ళ నాన్నది, ముక్కు నాది, మొండితనం ఎవరిదో ఇంకా తేలలేదు."

"అయ్యో, నేనేదో…" అంది ఆవిడ.

"కాకి పిల్లేనండీ. కాకి వచ్చింది చూసుకోవడానికి," అన్నాను. అంటుండగానే సంచిలో ఫోను మోగింది. ఫ్లాష్ అన్నయ్య. ఎద్దు లేచింది. తెర మీద నా కూతురు, చీకటిగా, కొంచెం విసుగ్గా, ఒక్క గీత కూడా జరపని ముఖం, కనుబొమ్మ మీద గాటు. కింద ఆయన రాశారు, రెండు గీతలు అని ఎన్నిసార్లు చెప్పాను చెల్లెమ్మా? ఆయన కంప్యూటర్లో రెండు ఫోటోలూ పక్కపక్కనే ఉండి ఉంటాయి, చూసేశారు. చూస్తే చూశారు. తలుపు తట్టలేదు నేను. తట్టాలని తెలుసు, మర్యాద తెలియక కాదు. ఆగితే మళ్ళీ కూర్చుండిపోతానని తోసుకుని వెళ్ళాను.

లోపల పెద్ద బల్ల, దాని వెనక కళ్ళజోడు మేడం, పక్కన కెమెరా పట్టుకున్న ఆపరేటరు. నా కూతురు నిటారుగా కూర్చుంది. ఏడవలేదు. నన్ను చూసి, "అమ్మా, బయట ఉండు, అయిపోతోంది," అంది, నన్ను కాపాడుతున్నట్టు.

"ఆ ఫోటో పాడుచేసింది నేనండీ," అన్నాను. ఫోను బల్ల మీద పెట్టాను. "ఇది అసలుది. నేను స్టూడియోలో దిద్దుతాను. అయిదు గీతలు తెల్లబరిచాను, గాటు చెరిపేశాను. అమ్మాయికి తెలియదు. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

మేడం రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఎందుకు చేశారు?"

"ఉద్యోగం రాదేమోనని."

"ఉద్యోగం రాతపరీక్షతో వచ్చింది కదమ్మా."

"అప్పటికింకా రాలేదు కదండీ."

మేడం పెదాలు బిగించింది, నవ్వో కోపమో తెలియలేదు. నా కూతురివైపు నేను చూడలేదు. చూడకపోయినా ఎడమ చెంప మీద దాని చూపు వేడిగా తగులుతూనే ఉంది, ఆ వేడి ఎటూ కదలలేదు. చేతిరాత సరిపోయిందనీ, నా వాంగ్మూలం రాయించుకుని, ఇప్పుడే ఇక్కడే కొత్త ఫోటో తీసి యంత్రం ఒప్పుకుంటే పంపేస్తామనీ మేడం చెప్పింది. వాంగ్మూలం రాశాను. నా పేరు, ఆయన పేరు, మా బంధుత్వం. ఆపరేటరు దాన్ని తెల్లగోడకు ఆనించి నిలబెట్టి, ఎదురుగా ఫ్లాష్ పేల్చాడు. యంత్రం, ముఖం దొరకలేదు అంది. మళ్ళీ పేల్చాడు. దొరకలేదు. మూడోసారి కూడా దొరకకపోయేసరికి విసుక్కుని, "పౌడరేదైనా ఉంటే రాసుకోమ్మా కొంచెం," అన్నాడు.

పౌడరు నా సంచిలోనే ఉంది. నా చెయ్యి దానంతటది సంచిలోకి పోయింది. ఇన్నేళ్ళ అలవాటు. డబ్బా మూత తగిలింది, చల్లగా. దాని పక్కనే శాలువా. శాలువా తీశాను.

"ఆ ఫ్లాష్ ఆపండి," అన్నాను. "గోడ తెల్లగా ఉంది, మీ కెమెరా గోడను చూస్తోంది, పిల్లను కాదు." ఆయన మేడంవైపు చూశాడు. నేను ఆగలేదు. అధికారులున్న గదిలో ఒకరి కుర్చీ నేను లాగడం అదే మొదలు. ఆ కుర్చీ ఎక్కి గోడకున్న రెండు మేకులకు బూడిదరంగు శాలువా తగిలించాను, పిల్లను గోడనుంచి రెండడుగులు ముందుకు నిలబెట్టాను, కిటికీ తెర పక్కకు లాగాను. వెలుతురు పక్కనుంచి వచ్చి దాని బుగ్గ మీద, నుదుటి మీద, కనుబొమ్మ మీద పడింది. నల్లటి ముఖం మీద వెలుతురు ఎలా నిలుస్తుందో నాకు తెలుసు. పద్నాలుగేళ్ళుగా తెలుసు, ఎంతమంది పిల్లల్ని పరదా ముందు సర్ది నిలబెట్టానో. మెరుగు పెట్టినట్టు ఉంటుంది, ఒక్కో మలుపూ విడివిడిగా. గడ్డం కొంచెం ఎత్తు అన్నాను. ఎత్తింది. కళ్ళు సూటిగా నా కళ్ళలోకే పెట్టింది. కెమెరా నా పక్కనే ఉంది, కానీ అది చూసింది నన్నే.

"తియ్యండి," అన్నాను.

యంత్రం కూత పెట్టింది. ఆకుపచ్చ దీపం. మేడం తెరవైపు వంగి, "బాగా వచ్చింది," అని కాగితాల మీద ముద్ర కొట్టింది. పన్నెండూ ఇరవై.

మెట్లు దిగుతున్నాం. రెండో అంతస్తు దగ్గర అది ఆగింది. "గాటు పడిందా ఫోటోలో?" అంది.

"పడింది."

"బాగా?"

"కుట్లు కూడా లెక్కపెట్టొచ్చు."

"సరే. ఇంటికెళ్ళాక నీతో పోట్లాడతాను. పెద్ద పోట్లాట. నాన్నని ముందే కిందికి దిగి రమ్మను." రెండు మెట్లు దిగి, వెనక్కి తిరగకుండానే, "కాకి అన్నావు కదా బయట. తలుపు సందులోంచి అంతా వినపడింది. బస్సులోనే అనాల్సింది అమ్మా," అంది.

గుర్తుంది దానికి. ఇన్నేళ్ళూ గుర్తుంది. "ఆలస్యమైంది," అన్నాను.

"అయింది," అంది. కానీ కింద గుమ్మం దగ్గర నా కోసం ఆగింది.

బయట ఎండ పేలిపోతోంది. మిట్టమధ్యాహ్నం. వచ్చే నెలనుంచి బ్రేకులూ సిగ్నళ్ళూ పట్టాలూ, వాటన్నిటికీ విడివిడిగా భయపడాలి నేను, ఒక్కొక్కటిగా, తొందరేం లేదు. నా చేతిలో గొడుగు విచ్చుకుంది, అలవాటుగా దాని మీదికి వంగబోయింది. అది అప్పటికే ముందు నడుస్తోంది, పెద్ద పెద్ద అంగలేస్తూ, కాగితాలు చంకలో పెట్టుకుని. నాకు ఎండ పడదు, తల పగిలిపోతుంది. గొడుగు నా మీదికి తిప్పుకున్నాను. మొత్తం గొడుగు, నాకొక్కదానికే. ఇంత నీడ ఉంటుందని ఇన్నాళ్ళూ తెలియలేదు.